వంతెన అడిగిన పిల్ల

విజయవాడ నుంచి నరసాపురం పాసింజరు ఉదయం ఆరుంపావుకి కదలాలి. ఆరుముప్పావుకి కదిలింది. ఆ అరగంటలో రెండు ఇడ్లీలు, ఒక వడ, రెండు కాఫీలు నా కడుపులోకి చేరాయి కాబట్టి రైలు ఆలస్యం మీద నాకు ఫిర్యాదేమీ లేదు. టిక్కెట్టు కంటే టిఫినుకే ఎక్కువైంది. ఈ రైల్లో వెళ్ళదలచుకున్నవాళ్ళు కాస్త ముందుగా వచ్చి కిటికీ పక్కన కూర్చోవడం మంచిది. గుడివాడ దాటేదాకా నిలబడడానికి కూడా చోటుండదు.

నేను వెళుతున్నది దిండి వంతెన చూడ్డానికి. కోనసీమ వైపు దిండి, పశ్చిమ గోదావరి వైపు చించినాడ, మధ్యలో వశిష్ఠ పాయ, దాని మీదుగా జాతీయ రహదారిని దాటించే వంతెన. నేను విజయవాడలో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. నలుగురూ సెలవు దొరికితే గుళ్ళకి పోతారు, నేను వంతెనలకి పోతాను. ఇంట్లో దీన్ని పిచ్చి అంటారు. చిన్న మాసపత్రిక ఒకటి ఆ పిచ్చిని అచ్చు వేస్తుంది. ఎన్నో వంతెనల గురించి రాశాను గానీ నేను పుట్టిన ఊరి వంతెన గురించి ఒక్క ముక్క రాయలేదు. మొన్న ఎడిటరుగారే నవ్వుతూ అన్నారు, "వంతెనకి బలి కావలసిన మనిషి మీరు. ఆ వంతెన చరిత్ర మీరు కాక ఎవరు రాస్తారండీ?" అని. అంతే, శనివారం సెలవు పెట్టేశాను.

మా అమ్మ మాత్రం ఈసారి ఎందుకో మొహం ముడుచుకుంది. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. నేను ఏ ఊరు బయల్దేరినా పులిహోర పొట్లం కట్టి ఇచ్చే మనిషి, ఆ పొద్దున్న వంటింట్లోంచి బయటికే రాలేదు. "అక్కడ చూడ్డానికేముందే, సిమెంటు తప్ప" అంది లోపల్నుంచే. మోకాళ్ళ నొప్పులు మళ్ళీ మొదలయ్యాయేమో అనుకున్నాను.

రైల్లో నా ఎదుటి సీటు నాగమణిది. మస్కట్‌లో ఒకరింట్లో వంటపని చేసి, రెండేళ్ళ తర్వాత మలికిపురం తిరిగి వెళుతోంది. సీటు కింద తాళ్ళతో బిగించిన రెండు అట్టపెట్టెలు. పక్కవాళ్ళ కాలు వాటికి తగిలినప్పుడల్లా వంగి చూసుకుంటోంది.

"ఎక్కడికండీ?" అని అడిగింది.

"దిండి."

"రిసార్టుకాండీ?"

"కాదండీ. వంతెన చూడ్డానికి."

"వంతెనా! దాని మీంచి ఎల్తాం గానీ దాన్ని చూడ్డానికెవరెల్తారండీ?" అని పకపకా నవ్వింది.

ఇక నన్ను ఆపడం ఎవరి తరమూ కాదు. నా కథ మొదలుపెట్టాను. పెళ్ళిళ్ళలో, ఆఫీసులో, రైళ్ళలో నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేని కథ అది.

నేను ఎదురుకాళ్ళతో పుట్టాను. అంటే తల బదులు కాళ్ళు ముందు బయటికి వచ్చాయి. మా వైపు ఎవరికైనా నడుం పట్టేస్తే, అలా పుట్టినవాళ్ళ చేత వీపు మీద మూడుసార్లు కాలితో తొక్కించుకుంటారు. పట్టు వదులుతుందని నమ్మకం. అందుకని ఆరేళ్ళ వయసులోనే మా పేటలో నేను పెద్ద డాక్టర్ని. అరుగు మీద బోర్లా పడుకున్న పెద్ద పెద్ద మీసాల మనుషుల వీపుల మీద కాలు పెట్టి ఒక్కటిచ్చేదాన్ని. సరిగ్గా అప్పుడే వంతెన పని మొదలైంది. వంతెన నిలబడాలంటే పిల్లని బలివ్వాలని, అందులోనూ ఎదురుకాళ్ళ పిల్లయితే ఇక తిరుగే లేదని ఊరంతా గుసగుసలు. ఒక మధ్యాహ్నం, కొబ్బరి చిప్పలు కొనడానికి వచ్చేవాడొకడు బెల్లం జీడి ఆశ చూపి నన్ను గోనెసంచిలో వేసుకుని ఏటివైపు పరుగు తీశాడు. సంచిలో చీకటి. కొబ్బరి చిప్పల వాసన. గోనె బొక్కల్లోంచి సన్నగా వెలుగు. ఇక్కడ నేను గొంతు తగ్గిస్తాను. సమయానికి మా నాన్న చూశాడు కాబట్టి మీ ముందు ఇలా కూర్చున్నాను, లేకపోతే ఆ వంతెన స్తంభం కింద ఉండేదాన్ని!

కంపార్టుమెంటంతా నవ్వింది. ఒకాయన తన నడుం చూపించి, "కాలెట్టి పోదురూ" అని కూడా అన్నాడు. నాగమణి మాత్రం నవ్వలేదు.

"మరి ఆణ్ణేం చేసేరండీ?" అంది.

"తన్ని తరిమేశారు" అన్నాను.

ఇన్నేళ్ళుగా చెబుతున్నానా, ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. జవాబు దానంతటది నా నోట్లోంచి వచ్చింది. అది నిజమో కాదో నాకు తెలియదన్న సంగతి అప్పుడు తట్టలేదు.

నరసాపురంలో దిగేసరికి పదకొండు. స్టేషను బయట ఆటో మాట్లాడుకుని ఇద్దరం రేవుకి వెళ్ళాం. ఇక్కడ ఏరు దాటడానికి ఇంకా పంటు నడుస్తోంది. రెండు పడవల్ని జతచేసి పైన బల్లలు పరిచి, ఒక పక్క ఇంజను తగిలిస్తే అదే పంటు. మాతో పాటు ఒక కారు, బోలెడన్ని మోటారు సైకిళ్ళు, అరటిగెలల బండి, నాగమణి అట్టపెట్టెలు ఎక్కాయి. "బస్సెక్కి వంతెన మీంచి రావచ్చు గానీ, పంటెక్కితేనే ఇంటికొచ్చినట్టుంటదండి" అంది నాగమణి. మొహం మీద పడుతున్న జల్లు తుడుచుకోలేదు. పావుగంటలో సఖినేటిపల్లి రేవు.

అక్కణ్ణుంచి షేర్ ఆటోలో మలికిపురం. నాగమణి కోసం వాళ్ళవాళ్ళు రోడ్డు మీదే కాచుకుని ఉన్నారు. నన్ను కూడా భోజనానికి రమ్మంది గానీ, రెండేళ్ళ తర్వాత ఇల్లు చేరే మనిషి వెంట నేనెందుకని బజారులో మెస్సుకి పోయాను. పనసపొట్టు కూర, గోంగూర రొయ్యలు, గడ్డ పెరుగు. ఈ మెస్సు కోసమైనా మలికిపురం రావచ్చు. బజారు వెనక కొబ్బరికాయల గుట్టలు, ఎక్కిస్తున్న లారీలు. మా నాన్న వ్యాపారం చేసింది ఇక్కడే. నాకు ఏడేళ్ళు రాకముందే అన్నీ అమ్మేసి విజయవాడ వచ్చేశాడు. పిల్ల మీద మళ్ళీ ఎవరి కన్నయినా పడుతుందని వచ్చేశామని ఇంట్లో అనేవారు.

దిండిలో కాలవ పక్కన చిన్న లాడ్జిలో గది దొరికింది. రిసార్టు జోలికి పోని వాళ్ళకి అది చాలు, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. రెండున్నరకి వంతెన కిందికి నడిచాను. స్తంభాలు వరసగా ఏట్లోకి దిగి అవతలి గట్టు దాకా వెళ్ళాయి. పైన లారీ వెళితే కింద నిలబడ్డవాళ్ళ అరికాళ్ళకి తెలుస్తుంది. టీకొట్టతన్ని వంతెన చరిత్ర ఎవరికి తెలుసని అడిగితే, వెంటనే "సూర్యారావు గారండీ. వంతెన లేనప్పుడు ఇక్కడ పంటు నడిపిన సరంగు. కట్టేటప్పుడు కూడా ఉన్నారాయన" అన్నాడు.

సూర్యారావుగారి ఇల్లు పాత రేవు పక్కనే. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. గుమ్మంలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నారు. విజయవాడ నుంచి వచ్చాను, వంతెనల గురించి రాస్తానని మాత్రం చెప్పాను. ఊరి పిల్లనని చెబితే మాటలు చుట్టరికాల్లోకి పోయి వంతెన వెనకబడుతుంది. అది నా పద్ధతి.

"ఆయ్, కూకోండి" అని లోపలికి కేకేసి బొండం కొట్టించారు. "వంతెన లేనప్పుడు ఈ రేవులో కొబ్బరి లారీలు వరస కట్టేసేవండి. పంటు మీద రెండు లారీలెక్కితే మూడోది మేం తిరిగొచ్చేదాకా ఆగాల్సిందే. వరదొస్తే అదీ లేదు. నొప్పులొచ్చిన ఆడకూతుర్ని గట్టు మీద పడుకోబెట్టి, ఏరెప్పుడు తగ్గుద్దా అని చూసిన రోజులున్నాయండి. అందుకని వంతెనంటే అందరం సంతోషించేం. నా పంటు పోద్దని తెలిసి నేనూ సంతోషించేను."

"కట్టడం చూశారా?"

"చూడకేమండీ. స్తంభం అంటే పైకి కనపడేదే అనుకుంటారు. అసలుది కింద ఉంటది, బావి. ఇంత లావు సిమెంటు వర ఇసకలో నిలబెట్టి, లోపలి మట్టి ఇనప తొట్టితో తోడతారండి. తోడేకొద్దీ దాని బరువుకి అదే దిగుద్ది. మనవైపు ఒడ్డున మొదటి బావి ఒరిగిపోయిందండి. ఒరగడం మామూలేనంట, ఇంజినీర్లు కంగారు పడలేదు. ఒక పక్క బరువులెట్టి, రెండో పక్క తోడి నిలబెడతారు. నెలలు పట్టింది. ఈలోగా పనోళ్ళు గుమ్మడికాయ కొట్టేరు, కోడిని కోసేరు. అది చూసి పేట పేటంతా ఒకటే మాట, వంతెన పిల్లని అడుగుతోందని."

"ఎవరన్నారా మాట మొదట?"

"మొదటేంటండీ, అందరూ అన్నారు. నేనూ అన్నాను."

నా కథ ఇంకొకరి నోట వినబోతున్నానని నాకు లోపల సంబరం. ఏమీ తెలియనట్టు మొహం పెట్టి, "ఏ పిల్లని అడిగిందండీ?" అన్నాను.

"కొబ్బరికాయల షావుకారుగారమ్మాయండి. ఎదురుకాళ్ళతో పుట్టింది. మా ఆవిడక్కూడా నడుం పట్టేస్తే ఆ పిల్ల చేతే తొక్కించేం. ఆ పిల్లకేమీ అవలేదండి. అయ్యింది అప్పన్నకి."

"అప్పన్నెవరు?"

"చిప్పల అప్పన్న. శ్రీకాకుళం వైపు మనిషి. ఇంటింటికీ తిరిగి కొబ్బరి చిప్పలు కొని బొగ్గు బట్టీలకి వేసేవాడు. సంచులు మోసి మోసి ఆడికీ నడుం నొప్పే. వచ్చినప్పుడల్లా ఆ పిల్ల చేత తొక్కించుకుని ఒక జీడిచ్చేవాడు."

"పిల్లని సంచిలో వేసుకుని ఏటివైపు పోయాడట గదా?"

సూర్యారావుగారు వల కింద పెట్టేశారు. "ఎవరు చెప్పేరండీ మీకు? సంచి నిండా చిప్పలు, మూతి బిగించి కట్టేసి ఉంది. పిల్ల పట్టే చోటేదండీ అందులో? ఏటికేసి కాదు, ఏటి కాణ్ణుంచి ఊళ్ళోకి వస్తన్నాడు."

ఆయన చెబుతూనే ఉన్నారు.

"నేను పంటు మీంచి చూస్తన్నానండి. పనోళ్ళు అన్నాలకెళ్ళేరు. బావి చుట్టూ తవ్విన గోతి నిండా నీళ్ళు. పిల్ల ఒక్కత్తీ వచ్చి ఆ అంచున కూచుని కాళ్ళాడిస్తంది. ఇసక జారిపోయింది. పిల్ల కనపడలేదు. నేను అరుస్తన్నాను, ఇంజను మోతలో ఎవరికినపడుద్దండీ? అప్పన్న గట్టు మీంచి చూసి, సంచి పడేసి దూకేడు. గౌనట్టుకుని పైకి లాగేడు. నీళ్ళు కక్కించి, భుజానేసుకుని, రెండో చేత్తో సంచి ఈడ్చుకుంటా ఊళ్ళోకి నడిచేడు. అప్పటికే పిల్ల కనపడటం లేదని పేటంతా వెతుకుతున్నారు. ముందు షావుకారుగారు ఎదురొచ్చేరు, చేతిలో కొబ్బరి మట్ట. ఎనకాల అందరూ. 'సంచిలో వేసుకుపోతానన్నాడా?' అని పిల్లని అడిగేరు. పిల్ల తలూపింది. మొదటి దెబ్బ షావుకారుగారే వేసేరు. ఇంకాపేవాడెవడండీ?"

"మీరు చెప్పలేదా?" అన్నాను.

"పంటు ఒడ్డుకి తెచ్చేసరికే ఆడి నడుం, తుంటి విరిగిపోయేయండి. చెప్పేను. నీకూ ఇందులో వాటా ఉందా అని నన్నూ నాలుగేసేరు. నేనే ఆణ్ణి పంటు మీద పడుకోబెట్టి అవతలకి తీసుకుపోయేను. నెలల తరబడి ఆసుపత్రి మంచం మీదున్నాడు. కేసూ లేదు ఏమీ లేదు, పెద్దలు కూచుని సర్దేసేరు. ఏడాది తిరక్కుండా షావుకారుగారు ఊరొదిలి వెళ్ళిపోయేరు."

సంచిలో చీకటి గురించి నేను ఎంతమందికి చెప్పాను! గోనె బొక్కల్లోంచి వచ్చిన వెలుగు గురించి గొంతు తగ్గించి ఎన్నిసార్లు చెప్పాను! ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ చిప్పల వాసన తెలుస్తుంది. నేను ఎక్కని సంచి నాకు ఇంత బాగా ఎలా గుర్తుంది? ఆ వాసన సంచిది కాదు, నన్ను మోసిన మనిషి భుజానిది. ప్రూఫులు దిద్దే మనిషిని, ఇంకొకళ్ళ అచ్చుతప్పు చూస్తే చీదరించుకునేదాన్ని, నా బతుకులో ఇంత తప్పు పెట్టుకుని ఊరూరా అచ్చేసుకుంటూ తిరిగాను.

"ఆ పిల్లని నేనే బాబాయ్‌గారూ" అన్నాను.

ఆయన చాలాసేపు నా మొహంలోకి చూశారు. "నువ్వామ్మా" అన్నారు చివరికి. అంతవరకూ పెట్టిన అండీ పోయింది. ఆయన భార్య లోపల్నుంచి వచ్చి నిలబడింది. "అప్పన్న ఉన్నాడమ్మా. అవతల గట్టునే, చించినాడలో. రేపు పొద్దున్న తీసుకెళ్తాను, చూస్తావా?" అన్నారాయన.

లాడ్జి పేరు చెప్పి లేచాను. లాడ్జికి వచ్చి మంచం మీద కూర్చుని అమ్మకి ఫోను చేశాను. ఇంకా సరిగా చీకటి పడలేదు, కాలవలో బాతుల్ని తోలుకుపోతున్నారు.

"అమ్మా, చిప్పల అప్పన్న బతికే ఉన్నాడట."

"సూర్యారావు చెప్పేడా?" అంది.

"నీకు తెలుసా?"

"నీ గౌను తడిసి ఉందే. పిండితే ఇసక. సంచిలో వేసుకుపోయిన పిల్ల గౌను ఎందుకు తడుస్తుందే? చేతిలోకి తీసుకోగానే అర్థమైపోయింది. అప్పటికే కొట్టేశారు. నేను నోరెత్తితే మీ నాన్న జైలుకి పోతాడు, నిన్ను పట్టుకుని నేనేమవుతాను అనిపించింది."

"గౌనేం చేశావు?"

"పొయ్యిలో పెట్టేశాను."

నాకు కోపం వచ్చింది. "ఇన్నేళ్ళూ ఆ కథ నేను అందరికీ చెబుతుంటే ఎలా వింటూ కూర్చున్నావే?"

"వినేదాన్ని కాదే. నువ్వు మొదలెట్టగానే వంటింట్లోకి పోయేదాన్ని."

నిజమే. చుట్టాలు వచ్చి నేను కథ అందుకున్నప్పుడల్లా అమ్మ కాఫీ పెడతాననో, పాలు పొంగుతున్నాయనో లేచి వెళ్ళిపోయేది. ఒక్కసారీ పూర్తిగా వినలేదు. నేనది ఎప్పుడూ గమనించలేదు. ఫోను పెట్టేసి, తిండి తినకుండా పడుకున్నాను. నిద్ర మాత్రం రాలేదు.

మర్నాడు ఏడున్నరకల్లా సూర్యారావుగారు ఉతికిన తెల్లచొక్కా వేసుకుని లాడ్జి ముందు నిలబడ్డారు. సంచి సర్దుకుని గది ఖాళీ చేశాను. ఆటోలో వంతెన ఎక్కాం. కొంచెం దూరం పోయాక ఆయన ఆటో ఆపించి, గోడ మీంచి వెనక్కి వేలు చూపించారు. "అదేనమ్మా ఆ బావి." మావైపు ఒడ్డున మొదటి స్తంభం. దాని చుట్టూ గడ్డి మొలిచింది, ఎవరో మేకని కట్టేశారు. పిల్లనెవరూ ఇవ్వకపోయినా వంతెన నిక్షేపంగా నిలబడి ఉంది. నేను అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

చించినాడ వైపు దిగి, గట్టు పక్క బాటలో వంద గజాలు వెనక్కి నడిస్తే వంతెన నీడలో తాటాకు పాక. ముందు ఒక ముసలాయన చాప మీద పక్కకి ఒరిగి కూర్చుని, కొబ్బరాకుల నుంచి ఈనెలు చీరుతున్నాడు. పక్కన కట్టిన చీపుళ్ళ వరస. ఒక కాలు మడత పడకుండా కర్రలా చాపి ఉంది.

"అప్పన్నా, ఎవరొచ్చేరో చూడు. ఎదురుకాళ్ళ పిల్ల" అన్నారు సూర్యారావుగారు.

ఆయన నా మొహం చూడలేదు. నా పాదాలు చూశాడు. చెప్పుల్లో ఉన్న నా పాదాల్ని అలా చూస్తూ చూస్తూ, అప్పుడు తల పైకెత్తాడు.

"ఎదిగిపోనావమ్మా" అన్నాడు.

నేల మీద కూర్చుండిపోయాను. "నేను తలూపానండీ" అన్నాను. "వాళ్ళడిగితే తలూపాను. మీరు నన్ను గోతిలోంచి తీసిన సంగతి చెప్పలేదు."

"తెలుసు. నానే గదా సెప్పినాను."

నాకర్థం కాలేదు. సూర్యారావుగారికీ అర్థం కాలేదు, ఆయన కూడా వంగి చూస్తున్నారు.

"నీళ్ళలోంచి తీసినాక గజగజ వొణికిపోతన్నావు. సలికి కాదు. ఏటికాడికెల్తే అమ్మ వాత పెడతానన్నాదని ఒకటే ఏడుపు. ఊరుకోబెట్టడానికి నానే సెప్పినాను. ఏటికాడికొచ్చినట్టు సెప్పకమ్మా, ఎవలేదడిగినా తలూపీసి ఊరుకో, నాను సెప్పుకుంటాను అన్నాను. ఊపినావు." చేతిలో ఈనె చీరడం పూర్తిచేసి పక్కన పడేశాడు. "నన్ను సెప్పుకోనిస్తే గదా."

నేను ఏడ్చాను. సిగ్గుపడకుండా రాస్తున్నాను, వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. అయ్యేదాకా చూశాడు.

"నీ మీద నాకు ఏనాడూ కోపం లేదు" అన్నాడు. "మీ నాన్న మీద ఉన్నాది. సచ్చిపోయినాడని ఈ సూర్యారావు సెప్పినాడు. అయినా పోలేదు. అబద్దం సెప్పడమెందుకు?"

"నాన్న తరఫున నేను..."

"మీ నాన్న తరఫున నువ్వొద్దు."

పైన బస్సులు పోతున్నాయి. ఏదో ఒకటి అనాలని, ఎప్పుడైనా వంతెన మీంచి అవతలికి వచ్చారా అని అడిగాను.

"ఒక్కపాలీ ఎక్కలేదు. అవతలేటున్నాది నాకు?"

అన్నేళ్ళుగా ఆ వంతెన నీడలోనే ఉంటూ, ఒక్కసారీ దాని మీద కాలు పెట్టని మనిషి! నేను రాసిన ఏ వంతెన చరిత్రలోనూ ఇలాంటిది లేదు. ఉన్నా నేను చూసి ఉండను.

లేవబోతుంటే ఆయన, "అమ్మా, నడుం పట్టీసినాది. వారమైనాది. ఓపాలి కాలెట్టీసి ఎల్లు" అన్నాడు.

నాకు ఆ నమ్మకం లేదు. కంపార్టుమెంటులో నవ్వులకోసం చెప్పుకునే సంగతది. పైగా నా వల్ల విరిగిన నడుం మీద నా కాలు పెట్టడమా! నేను కదలకపోతే, ఆయనే పక్కనున్న ఊతకర్ర దూరంగా జరిపి, చాప మీద కష్టపడి బోర్లా తిరిగాడు. సూర్యారావుగారు నా వైపు చూసి తలూపారు. చెప్పులు విడిచాను. చొక్కా లేని ఆ వీపు మీద, నడుం దగ్గర, ఎముక ఒకచోట పొడుచుకు వచ్చి ఉంది. దానికి తగలకుండా పక్కన కాలు ఆనించాను.

"గట్టిగా" అన్నాడు. "అప్పుడు ఇంకా గట్టిగా తొక్కేదానివి."

మూడుసార్లు తొక్కాను. లేచి కూర్చుని, అటూ ఇటూ కదిలి చూసుకుని, "వదిలినాది" అన్నాడు. నిజంగా వదిలిందో, నా కోసం అన్నాడో తెలియదు. వరసలోంచి ఒక చీపురు తీసి నా చేతిలో పెట్టాడు. వద్దన్నాను. "ఊరికే తొక్కించుకుంటే పని సెయ్యదు. అప్పుడు జీడి ఇచ్చీవోణ్ణి కాదేటి?" అన్నాడు. తీసుకున్నాను.

దిండి వంతెన చూడదలచుకున్నవాళ్ళు పై నుంచి చూస్తే ఏమీ తెలియదు. బస్సులో రెండు మూడు నిమిషాల్లో దాటేస్తారు. చించినాడ వైపు దిగి, కింద నుంచి చూడండి. చించినాడ నుంచి పాలకొల్లుకి బస్సులకేమీ లోటు లేదు. నాకు పదీ ఇరవైకి దొరికింది. సూర్యారావుగారు బస్సు కదిలేదాకా నిలబడ్డారు. పాలకొల్లులో భోజనం సహించలేదు, రెండు అరటిపళ్ళు తిని విజయవాడ రైలెక్కాను. ఒళ్ళో చీపురు పెట్టుకున్న మనిషికి కిటికీ పక్క సీటు తేలిగ్గానే దొరుకుతుందని తెలిసింది. ఎడిటరుగారికి ఏం రాసివ్వాలో, ఇంటికెళ్ళి అమ్మ మొహం ఎలా చూడాలో ఆలోచిస్తూ కూర్చున్నాను. అమ్మ మీద కోపం అలాగే ఉంది. వంటింట్లోకి లేచి వెళ్ళిపోయిన అమ్మ మీద జాలీ అలాగే ఉంది.

భీమవరంలో ఎదుటి సీట్లోకి ఒక పెద్దాయన వచ్చి కూర్చున్నారు. చీపురుకేసి చూసి, "గట్టి ఈనెలండీ. ఎక్కడ కొన్నారు?" అన్నారు.

"కొన్నది కాదండీ. ఒకాయన ఇచ్చారు."

"చీపురెవరిస్తారండీ!" అని నవ్వారాయన. పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వి నావైపు తిరిగారు. నిన్నటి మాదిరే కంపార్టుమెంటు కథకి సిద్ధంగా ఉంది.

చెప్పాను. నేను ఎదురుకాళ్ళతో పుట్టడం, వీపులు తొక్కడం, వంతెన పిల్లని అడుగుతోందని ఊరంతా అనుకోవడం. అమ్మ వద్దన్నా నేను ఒక్కదాన్నీ ఏటికాడికి పోవడం, ఇసక జారి గోతిలో పడడం. చిప్పలు కొనే అప్పన్న సంచి పడేసి దూకి, నన్ను పైకి లాగి, భుజాన వేసుకుని ఊళ్ళోకి నడవడం. ఈసారి గొంతు తగ్గించలేదు. సంచిలో చీకటి లేదు.

"మంచి మనిషండీ" అన్నారు పెద్దాయన. "మరి ఊళ్ళోవాళ్ళు ఆయన్నేం చేసేరండీ?"

"కొట్టారండీ. నడుం విరగ్గొట్టారు. మా నాన్న మొదటి దెబ్బ వేశాడు. మా అమ్మ నా తడిసిన గౌను తగలబెట్టింది" అన్నాను. "నేను తలూపాను."